స్టూడియో చర్చ: మనసులో మాట చెప్పని పిల్లలకు హాస్టల్ సీటు ఇవ్వకూడదా?

యాంకర్: నమస్కారం. జూనియర్ కాలేజీ హాస్టళ్లలో చేరేముందు పర్సనాలిటీ టెస్టు పెట్టాలి, టెన్షన్ తట్టుకోలేరనిపిస్తే సీటు ఇవ్వకూడదు అన్న ప్రతిపాదన మీద రగడ నడుస్తోంది. అందరికీ సమానంగా టైమిస్తాం. డాక్టర్ గారూ, అసలు పిల్లల టెన్షన్‌కంతటికీ సెల్‌ఫోనే కారణం కదా?

సైకియాట్రిస్ట్: ఫోన్ సంగతి తర్వాత. ముందు ఒకటి చెప్పాలి. తక్కువ మాట్లాడటం జబ్బు కాదు. అలాంటి స్వభావంతో హాయిగా బతికేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ప్రతిదానికీ దిగులుపడే గుణానికి, చెబితే ఏమనుకుంటారోనని నొక్కిపెట్టుకునే అలవాటు తోడైతేనే చిక్కు. బెల్జియంలో డెనోలెట్ అనే పరిశోధకుడు ఈ రెండూ కలిసిన స్వభావానికి టైప్ డి అని పేరు పెట్టారు. 2005లో దాన్ని కొలిచే 14 ప్రశ్నల...

రిటైర్డ్ ప్రిన్సిపాల్: ఒక్క నిమిషం! ప్రశ్నలెందుకండీ? నా సర్వీసంతా పిల్లల మధ్యే గడిచింది. మొహం చూస్తే చెప్పేస్తాను ఎవడు నిలబడతాడో.

సైకియాట్రిస్ట్: మొహం చూస్తే తెలియదనే చెబుతున్నాను. అమెరికా మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ గ్రాస్, లెవెన్సన్ 1993లో కొందరికి ఒళ్లు జలదరించే దృశ్యాలు చూపించి, మొహంలో ఏమీ కనబడనీయొద్దన్నారు. వాళ్లు అలాగే ఉన్నారు. కానీ లోపలి బాధ తగ్గలేదు, పైగా శరీరంలో ఒత్తిడి లక్షణాలు కొన్ని...

ప్రిన్సిపాల్: అదంతా అమెరికా. మా రోజుల్లో దెబ్బలు తిన్నాం, నేల మీద పడుకున్నాం...

యాంకర్: అప్పట్లో ఫోన్లు లేవు, అదీ పాయింటు.

తల్లి: మా అబ్బాయి హాస్టల్లో ఫోనే ఉండదండీ. ఆదివారం వార్డెన్ ఫోన్‌లో మాట్లాడతాడు. స్పీకర్ ఆన్‌లోనే ఉంటుంది, వెనక లైనులో పిల్లలు తొందరపెడుతుంటారు. ‘బాగున్నానమ్మా’ అంటాడు. అంతకన్నా ఏం చెప్పగలడు?

యాంకర్: అంటే సెలవులకు వచ్చినప్పుడు ఫోన్ ఎక్కువ చూస్తాడా?

తల్లి: నేను అడిగేది అది కాదండీ...

సైకియాట్రిస్ట్: ఆవిడ చెప్పిందే అసలు విషయం. సగం స్వభావమైతే, సగం చెప్పుకునే చోటు లేకపోవడం. సీటు పోతుందని తెలిస్తే టెస్టులో నిజం ఎవరు రాస్తారు? దాచుకునే పిల్లలకు ఇంకాస్త దాచుకోవడం నేర్పినట్టే! పైగా ఈ టైప్ డి స్వభావానికి, మరణాలకు మధ్య 1996లో గుండె రోగులలో కనబడిన సంబంధం తర్వాతి కొన్ని అధ్యయనాలలో...

ప్రిన్సిపాల్: కనబడలేదు! చూశారా, వాళ్లలో వాళ్లకే తేలలేదు. అందుకే అంటున్నాను, బలహీనులను ముందే ఏరేయాలి. అది వాళ్ల మంచికే.

సైకియాట్రిస్ట్: తేలని దాన్ని పట్టుకుని పిల్లలను ఏరేస్తారా? టెస్టు మీ వాదనకే...

ప్రిన్సిపాల్: నన్ను పూర్తి చేయనివ్వండి! క్రమశిక్షణ ఉన్నచోట దిగులుండదు. ఇందాకా చెప్పాను, మళ్లీ చెబుతున్నాను. క్రమశిక్షణ!

తల్లి: క్రమశిక్షణకు భయపడే కదండీ వాడు ఏమీ చెప్పనిది.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: టైమైపోతోంది. డాక్టర్ గారూ, పది సెకన్లు.

సైకియాట్రిస్ట్: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రతి హాస్టల్ గోడ మీదా రాయించి, ఆ కాల్ ఒంటరిగా చేసుకోనివ్వాలి...

యాంకర్: థాంక్యూ. ప్రిన్సిపాల్ గారూ, ముగింపుగా మీరు చెప్పండి. ఫోన్లు పూర్తిగా ఆపేస్తే సరిపోతుందా?

ప్రిన్సిపాల్: ఫోన్లూ ఆపాలి, టెస్టూ పెట్టాలి. నేను మొదటినుంచీ చెబుతున్నది...

(ప్రకటనల విరామం)