మ్యూనిక్‌లో మొదటి నెల: ముందు ఉత్తరాల డబ్బా మీద పేరు అంటించండి

(భవనం కింద నడవా. గోడకు ఉత్తరాల డబ్బాల వరుస.)

నమస్కారం. వీడియో ఇంట్లోనుంచి కాకుండా మెట్ల కిందనుంచి మొదలుపెడుతున్నాను, కారణం ఉంది. ఈ డబ్బాలు చూడండి. ఇంకాస్త దగ్గరికి వెళ్తాను. ఏ డబ్బా మీదా ఇంటి నంబరు లేదు, గమనించారా? అన్నీ పేర్లే. జర్మనీలో ఎక్కువ అపార్ట్‌మెంట్లకు మన దగ్గరలాగా 301, 402 అని ఫ్లాటు నంబర్లు ఉండవు. వీధి పేరు, భవనం నంబరు, మనిషి పేరు, అంతటితో చిరునామా అయిపోయింది. ఉత్తరాలు తెచ్చే మనిషి డబ్బా మీద పేరు చూసి వేస్తారు. మీ పేరు కనబడకపోతే ఉత్తరం వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. బ్యాంకు ఖాతా తెరిచాను. ఇక్కడ కార్డు ఒక కవరులో, దాని పిన్ నంబరు ఇంకో కవరులో, వేరువేరు రోజుల్లో వస్తాయి. రెండూ రాలేదు. రోజూ కిందికి దిగి డబ్బా తాళం తీసి చూడడం, పిజ్జా కాగితాలు పట్టుకుని పైకి ఎక్కడం. పదిహేను రోజులు ఇంటినుంచి తెచ్చుకున్న నోట్లు లెక్కపెట్టుకుంటూ బతికాను. చివరికి మా వీధికి ఉత్తరాలు తెచ్చే ఆవిడనే ఆపి అడిగాను. ఆవిడ డబ్బా వైపు చూపించి, "మీరెవరో నాకెలా తెలుస్తుంది?" అన్నారు. అక్కడ నాకంటే ముందు అద్దెకున్న అమ్మాయి పేరు ఉంది!

కాబట్టి సామాను దించగానే చేయాల్సిన మొదటి పని ఇదే. కాగితం ముక్క మీద పేరు రాసి, టేపు వేసి అంటించండి. మంచి పలక తరువాత ఇంటివాళ్లు పెట్టిస్తారు. కింద గుమ్మం దగ్గర గంట మీద కూడా పేరు ఉండాలి, లేకపోతే పార్సిల్ తెచ్చిన మనిషి ఏ గంట నొక్కాలో తెలియక వెళ్లిపోతాడు.

పేరు ఎలా రాయాలి? పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో అది తప్పకుండా రాయండి. మనం ఇంటిపేరును ఒక పొడి అక్షరంగా మార్చి పక్కన పడేస్తాం కదా, ఇక్కడ అసలు పేరు అదే. ఉత్తరం మీద "ఫ్రావ్" అని, అంటే మన శ్రీమతిలాంటి పిలుపు, దాని పక్కన మా ఇంటిపేరు మాత్రమే ఉంటుంది. మా ఊళ్లో మా తాతయ్యను తప్ప ఎవరినీ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. మొదట్లో ఆఫీసుల్లో ఆ పేరు పిలిస్తే ఎవరినో అనుకుని కూర్చునే ఉండేదాన్ని. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. అలాంటివారు డబ్బా మీద మొత్తం పేరు రాసేయండి, వంకర అక్షరాలైనా పరవాలేదు. ఇంకొకరి ఇంట్లో ఒక గది తీసుకుంటే మన "కేరాఫ్" ఇక్కడ కూడా పనిచేస్తుంది. మీ పేరు, కింద కేరాఫ్ అని డబ్బా మీదున్న వాళ్ల పేరు.

(గదిలో బల్ల. కాగితాల ఫైలు.)

ఇప్పుడు పైకి వచ్చేశాం. ఈ ఫైలులో ఉన్నవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చినవే, వరుస తప్పితే ఏదీ రాదు. ఇల్లు దొరికాక యజమాని ఒక కాగితం మీద సంతకం చేసి ఇవ్వాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. ఊపిరి బిగబట్టి ఒక్కసారి అనండి. "ఈ మనిషి ఫలానా రోజున మా ఇంట్లో దిగింది" అని చెప్పే పత్రం, అంతకంటే ఏమీ లేదు. అద్దె ఒప్పందం చూపిస్తే దీనికి బదులుగా ఒప్పుకోరు. ఈ కాగితం, పాస్‌పోర్టు పట్టుకుని ఇంట్లో దిగిన రెండు వారాల్లోపల నగర కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. పెద్ద నగరాల్లో ముందుగా సమయం తీసుకోనిదే లోపలికి పంపరు, ఆ సమయాలేమో తొందరగా దొరకవు. విమానం టికెట్ కొన్న వారంలోనే దాని కోసం చూడడం మొదలుపెట్టండి.

ఆ నమోదు పత్రం చాలా బ్యాంకులు అడుగుతాయి. ఇక్కడి ఖాతా ఉంటేనే, విద్యార్థి వీసా కోసం మీరు ప్రత్యేక ఖాతాలో ముందే వేసిన, ఒకేసారి తీయడానికి వీల్లేని సొమ్ము నెలనెలా విడుదలవుతుంది. ఏడాదికి 11,904 యూరోలు కట్టి ఉంటారు, నెలకు 992 చొప్పున వస్తుంది. మ్యూనిక్‌లో అందులో పెద్ద భాగం అద్దెకే పోతుందని ముందే గుండె దిటవు చేసుకోండి. పన్ను నంబరు కూడా నమోదు తరువాతే, ఉత్తరంగానే, అదే డబ్బాలోకి వస్తుంది. అది చేతికొస్తే పార్ట్‌టైమ్ పని చూసుకోవచ్చు. మనలాంటి విద్యార్థులకు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేసే వీలుంది.

ఇంకో ఉత్తరం వస్తుంది, దాన్ని చూసి చాలామంది మోసమనుకుని చింపేస్తారు. ప్రభుత్వ రేడియో, టీవీల కోసం ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టమంటుంది. మోసం కాదు, కట్టాల్సిందే. మా ఇంట్లో టీవీ లేదండీ అంటే కుదరదు. ఒకే ఫ్లాటులో ముగ్గురుంటే ఒకరు కడితే చాలు, మిగతా ఇద్దరూ తమ వంతు ఇచ్చేయండి.

అద్దె గురించి ఒక్క మాట. ప్రకటనలో చల్లని అద్దె, వెచ్చని అద్దె అని రెండు అంకెలు కనబడతాయి. చల్లనిది గోడలకు మాత్రమే. వెచ్చనిదానిలో గది వేడిచేసే ఖర్చు, నీళ్లు, చెత్త లాంటివి కలుస్తాయి. కరెంటు, ఇంటర్నెట్ చాలాచోట్ల అందులో ఉండవు, అడిగి తెలుసుకోండి. అడ్వాన్సు చల్లని అద్దెకు మూడు రెట్లు దాటకూడదని చట్టం. ఇల్లు చూడకుండా ఎవరైనా డబ్బు పంపమంటే మాట్లాడడం ఆపేయండి.

(వంటగది. స్టవ్ మీద చిన్న మూకుడు.)

ఇదిగో మన రాజ్యం. మిక్సీ తెచ్చుకోవచ్చా అని చాలామంది అడిగారు. కరెంటు ఇక్కడ కూడా 230 వోల్టులే, మిక్సీ కాలిపోదు. కానీ మన లావు మూడు పిన్నుల ప్లగ్ ఇక్కడి సాకెట్లో పట్టదు, ఎర్తింగ్ ఉన్న గట్టి అడాప్టర్ కొనుక్కోండి. కందిపప్పు, సోనామసూరి బియ్యం, ఇంగువ ఇండియన్ షాపులో దొరుకుతాయి. ఎర్రపప్పు, శనగలు, బాస్మతి మామూలు సూపర్‌మార్కెట్లోనే ఉంటాయి. తెల్లగా, గుండ్రంగా చవకగా ఒక బియ్యం కనబడుతుంది, అది పాలలో ఉడికించే తీపి వంటకం కోసం. నేను దాంతో పులిహోర చేయబోయాను. ముద్ద అయింది, చింతపండు వేసిన పాయసంలా ఉంది. పెరుగు మాత్రం బంగారం. చక్కెర లేని సాదా పెరుగు, 3.5 శాతం కొవ్వు ఉన్నది తీసుకోండి, ఆవకాయతో కలిపి తింటే ఇంటి బెంగ కాసేపు సర్దుకుంటుంది.

పోపు విషయంలో జాగ్రత్త. ఎండుమిర్చి పొగకు పైకప్పుకున్న పొగ అలారం మోగుతుంది. అప్పుడు కంగారులో అందరూ చేసే తప్పు, నడవా వైపు తలుపు తీయడం. తీయకండి. హాస్టల్ భవనాల్లో నడవా అలారానికి అగ్నిమాపక దళం రావచ్చు, ఆ బిల్లు మీ పేరున రావచ్చు. కిటికీలు బార్లా తెరవండి. అసలు పోపు వేయకముందే తెరవండి, చలికాలమైనా సరే.

శనివారం సాయంత్రం ఇక్కడ పండగ ముందురోజులా ఉంటుంది. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో దుకాణాలు రాత్రి 8కి మూసేస్తారు, ఆదివారం తెరవరు. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని ఉంటాయి, అక్కడ ధరలు కూడా ప్రయాణికుల ధరలే. కాబట్టి పాలు, ఉల్లిపాయలు శనివారమే. షాపుకు వెళ్లేటప్పుడు ఖాళీ సీసాలు సంచిలో వేసుకోండి. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ నీళ్ల సీసా, కూల్‌డ్రింక్ డబ్బా కొన్నప్పుడు మీ దగ్గర 25 సెంట్లు ముందే పట్టుకుంటారు. ఖాళీ సీసాను షాపులోని యంత్రంలో పెడితే చీటీ వస్తుంది, ఆ చీటీ బిల్లులో తగ్గించుకుంటారు. మళ్లీ వాడే బీరు సీసాకు 8 సెంట్లు, గాజు పెరుగు సీసాకు 15. మన పాత పేపర్ల లెక్కే అనుకోండి, కాకపోతే బేరం ఉండదు. అన్నట్టు, కుళాయి నీళ్లు హాయిగా తాగొచ్చు. అది తెలిసిన రోజునుంచి నేను సీసాలు కొనడం దాదాపు మానేశాను.

(రైలు కిటికీ. బయట కొండలు.)

ఇక తిరగడం. ఇది పోయిన నెల తీసిన దృశ్యం, మ్యూనిక్ నుంచి సాల్జ్‌బుర్గ్ వెళ్తున్నాం. వేరే దేశం, ఆస్ట్రియా. రైల్లో రెండు గంటల లోపే. ఈ ప్రయాణానికి నేను విడిగా టికెట్ కొనలేదు. జర్మనీ అంతా బస్సులు, ట్రాములు, ప్రాంతీయ రైళ్లు ఎక్కే నెలసరి టికెట్ ఉంది కదా, డాయిచ్‌లాండ్‌టికెట్, అది సాల్జ్‌బుర్గ్ ప్రధాన స్టేషను వరకు చెల్లుతుంది. 2023 మే నెలలో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి 63. విద్యార్థులకు చాలా విశ్వవిద్యాలయాల్లో తక్కువకు ఇస్తారు. ఐసీఈ, ఐసీ లాంటి వేగపు రైళ్లలో చెల్లదు. ఒక మెలిక ఉంది. ఇది చందా, నెలనెలా తనంతట తానే కొనసాగుతుంది. నెలాఖరుతో ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపల చెప్పాలి. 11న గుర్తొస్తే ఇంకో నెల కట్టుకోవాల్సిందే. నాకు 12న గుర్తొచ్చింది.

కుడివైపు కూర్చుంటే ఆల్ప్స్ కొండలు. ప్రీన్ స్టేషను దాటాక ఎడమవైపు కీమ్‌జే సరస్సు కనబడుతుంది, లేచి అటు వెళ్లండి. ఇక్కడ కొన్ని రైళ్లు మధ్యలో రెండుగా విడిపోయి, ముందు పెట్టెలు ఒక ఊరికి, వెనక పెట్టెలు ఇంకో ఊరికి పోతాయి. ఎక్కేముందు మీ పెట్టె మీద ఊరి పేరు చదవండి.

సాల్జ్‌బుర్గ్ అంటే ఉప్పు కోట. పేరుకు తగ్గట్టే ఈ ఊరికి సిరి ఉప్పుతో వచ్చింది. కొండ మీద కనబడే కోట కట్టడం 1077లో మొదలుపెట్టారు. గెట్రైడెగాసె అనే ఇరుకు వీధిలో 9వ నంబరు పసుపు ఇంట్లో 1756లో సంగీతకారుడు మోత్సార్ట్ పుట్టాడు. దాని ముందు ఫొటో తీసుకోవడానికి ఎప్పుడూ గుంపే. నేనైతే నదికి ఇవతలున్న కపుజినర్‌బెర్గ్ కొండ ఎక్కమంటాను. టికెట్ లేదు, గుంపు తక్కువ, కోట మొత్తం ఎదురుగా కనబడుతుంది. అక్కడ బల్ల మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పాం. ఈసారి బియ్యం సరైనదే. అటు వెళ్తున్న ఒక ముసలాయన ఆగి వాసన చూసి నవ్వాడు, ఒక చెంచా పెట్టాం, మిరపకాయను మాత్రం పక్కకు తీసి. చేతిలో చిల్లర ఉంచుకోండి, చాలాచోట్ల మరుగుదొడ్డికి డబ్బులు తీసుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం. జర్మనీ నివాస అనుమతి కార్డు ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల గుంపులో, 180 రోజుల్లో 90 రోజుల వరకు వీసా లేకుండా తిరగొచ్చు. ఇప్పుడు మొత్తం 29 దేశాలు. ఐర్లండ్, బ్రిటన్ వీటిలో లేవు. అయితే వీసా అక్కర్లేదంటే కాగితాలు అక్కర్లేదని కాదు. ఆస్ట్రియా సరిహద్దులో జర్మనీ 2015 నుంచి తనిఖీలు చేస్తోంది. వెళ్లేటప్పుడు ఎవరూ అడగరు, అదే మనల్ని మోసం చేస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు సరిహద్దు ఊరు ఫ్రైలాసింగ్‌లో పోలీసులు ఎక్కారు. నా పాస్‌పోర్టు, కార్డు చూసి ఒక్క నిమిషంలో ఇచ్చేశారు. నా స్నేహితుడు ఫోనులో పాస్‌పోర్టు ఫొటో చూపించాడు. మర్యాదగానే కిందికి దింపారు. అతన్ని వదిలి నేనెలా వెళ్తాను? ఇద్దరం ప్లాట్‌ఫారం మీద చలిలో నిలబడ్డాం. వాళ్లు వివరాలన్నీ సరిచూసి వదిలేసరికి మా రైలు, తరువాతి రైలు కూడా వెళ్లిపోయాయి. అసలు పాస్‌పోర్టు, అసలు కార్డు, రెండూ సంచిలో ఉండాల్సిందే.

ఆపద వస్తే యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో 112. జర్మనీలో రాత్రిపూట జ్వరం లాంటిదైతే 116117కు చేయండి, వైద్యుడు ఎక్కడ దొరుకుతారో చెబుతారు.

(మళ్లీ వంటగది.)

ఇదిగో, ఆ ప్రయాణానికి గుర్తు, ఈ సీసా. ఆస్ట్రియాలో కూడా 2025 జనవరి నుంచి ప్లాస్టిక్ సీసాకు 25 సెంట్లు పట్టుకుంటున్నారు. నేను దీన్ని ఇక్కడికి మోసుకొచ్చి మా వీధి షాపు యంత్రంలో పెడితే మూడుసార్లు బయటికి తోసేసింది. వాళ్ల సీసా వాళ్ల దేశంలోనే ఇవ్వాలట. ఇప్పుడు దీనిలో కొత్తిమీర కాడలు పెట్టాను.

సమయం పదికి పది నిమిషాలు. రాత్రి పదినుంచి పొద్దున ఆరు వరకు ఇక్కడ నిశ్శబ్దం పాటించాలి, ఆదివారం రోజంతా కూడా అంతే. రేపు ఆదివారం, పై అంతస్తులో ఉన్న పెద్దావిడ చెవులు చాలా చురుకు. కొబ్బరి పచ్చడి ఇప్పుడే తిప్పేయాలి. కెమెరా ఆపేస్తున్నాను, మిక్సీ వేస్తున్నాను.