గ్లాసు బయటి నీటిబొట్లు

అధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం. చిన్నపిల్లలకు సమాచార రచన, అంటే చూసింది, తెలుసుకున్నది ఉన్నదున్నట్టు రాయడం, నేర్పడం గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, ఆ రచన లక్షణాలేమిటి, రకాలెన్ని అనే క్రమంలో ప్రసంగం సిద్ధం చేసుకున్నాను. కానీ ఎన్నో ఏళ్లుగా మనసులో మెదులుతున్న ఒక సంగతి చెప్పకుండా ఆ వివరాల్లోకి వెళ్లలేను. అందుకే సభ మొదలయ్యే ముందు మంచు ముక్కలు వేసిన నీళ్ల గ్లాసు ఒకటి ఈ బల్లమీద పెట్టించాను.

నేను మూడో తరగతికి పాఠం చెబుతున్న రోజుల్లో ఇలాంటి గ్లాసునే పిల్లల ముందుంచి, చూసింది రాయమన్నాను. ఒక అమ్మాయి ఇలా రాసింది: ‘గ్లాసు మొదట పొడిగా ఉంది. కొంచెంసేపటికి బయట మసకబారింది. వేలితో గీస్తే గీత పడింది. తర్వాత చిన్న చిన్న బొట్లు వచ్చాయి. రెండు బొట్లు కలిసి పెద్దదై కిందికి జారింది. గ్లాసులో నీళ్లు బయటికి కారుతున్నాయి.’ చివరి వాక్యం తప్పు గనుక నేను ఎర్ర సిరాతో ఆ పేరా మొత్తం కొట్టేసి, నీటి ఆవిరి చల్లబడి ద్రవంగా మారడాన్ని సాంద్రీకరణం అంటారని నల్లబల్లమీద రాసి, తరగతి అంతటి చేతా చూసి రాయించాను. ఆ అమ్మాయి ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. ఆ ఏడాదంతా మళ్లీ తను చూసింది తన మాటల్లో రాయలేదు. ఏ ప్రశ్న ఇచ్చినా పాఠ్యపుస్తకంలోని వాక్యమే రాసేది. నేను దానికి పూర్తి మార్కులు వేశాను.

దయచేసి ఆ పేరా మరోసారి గుర్తు చేసుకోండి. మొదటి ఐదు వాక్యాల్లో ఏది ముందు, ఏది తరువాత అన్నది ఉంది, మార్పు ఉంది, వేలితో గీసి చూసిన పరీక్ష కూడా ఉంది. ఆరో వాక్యం ఒక్కటే కంటితో చూసింది కాదు, ఊహించింది. నేను చేయవలసిందల్లా ఆ ఒక్కదాన్ని విడదీసి చూపించడం: ‘నేను చూసింది’ అని ఒక వరుస, ‘నేను అనుకున్నది’ అని మరో వరుస గీయించి, అనుకున్నది నిజమో కాదో ఎలా తేల్చుకుందామని అడగడం. చాలా ఏళ్ల తరువాత మరో తరగతిలో ఆ ప్రశ్న అడిగితే, నీళ్లలో రంగు కలిపి చూద్దామని ఒక పిల్లవాడు అన్నాడు. ఎర్ర రంగు కలిపాం. బయటి బొట్లను తెల్లకాగితంతో అద్దితే కాగితం తడిసింది గాని ఎర్రబడలేదు. ‘ఇవి లోపలి నీళ్లు కావు’ అని పిల్లలే రాశారు. మరి ఎక్కడివన్న ప్రశ్న వాళ్లనుంచే వచ్చాక, చుట్టూ ఉన్న గాలిలో కంటికి కనిపించని నీటి ఆవిరి ఉంటుందనీ, చల్లని గాజును తాకి అది బొట్లవుతుందనీ చెప్పాను. సాంద్రీకరణం అనే మాట ఆ రోజు వాళ్లకు అవసరమై వచ్చింది.

నా క్రమం తప్పిందని తెలుసు. రకాల సంగతి వదిలేస్తున్నాను. పరిభాష రాకపోతే విజ్ఞానం రాయలేరనే వారికి మాత్రం, సూక్ష్మదర్శినితో కంటికి కనిపించని జీవులను చూసిన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్‌ను గుర్తు చేయాలి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో బట్టల వ్యాపారం చేసుకున్న ఆయనకు విశ్వవిద్యాలయ చదువు లేదు, అప్పటి పండితుల భాష లాటిన్ రాదు. అయినా 1673 నుంచి లండన్‌లోని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి తన డచ్ భాషలోనే ఉత్తరాలు రాస్తూ, 1683లో పళ్లమీది పాచిలో కదిలే సూక్ష్మజీవులను వర్ణించాడు. అవి ఎంత చిన్నవో చెప్పడానికి ఇసుక రేణువును కొలతగా తీసుకునేవాడు. పిల్లలకు నేర్పవలసింది సరిగ్గా ఇదే. తడి కాగితంలో చిక్కుడు గింజ మొలిపిస్తే ముందు వేరు, ఆ తరువాత కాండం బయటికి వస్తాయి. ‘మొలక పెరిగింది’ అని రాసిన పిల్లవాడికి స్కేలు ఇవ్వండి. మరునాడు ‘నిన్న 2 సెంటీమీటర్లు, ఈ రోజు 3’ అని రాస్తాడు. వాక్యం కూర్చలేని ఆరేళ్ల పాప గింజ బొమ్మ వేసి, బాణం గుర్తు పెట్టి ‘వేరు’ అని రాస్తే అది కూడా రచనే. దీర్ఘాలు, ఒత్తులు దిద్దడానికి చాలా సమయముంది. పిల్లలు చూసినదానిమీద మాత్రం ఎర్ర గీత పెట్టకండి, మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ఇక ఈ గ్లాసు. ముందు వరుసలో ఉన్నవారికి బొట్లు జారడం కనిపిస్తూనే ఉంది. వెనుకవారు దగ్గరికి వచ్చి చూడండి, వేలితో తాకండి. మీ చేతిలోని కాగితంమీద రెండు వరుసలు గీసి, మూడో తరగతి పిల్లలకు తెలిసిన మాటలతో ఐదు వాక్యాలు రాయండి. సాంద్రీకరణం అనే మాట వాడవద్దు. పది నిమిషాల తరువాత ఒక్కొక్కరే చదువుదురుగాని.