ఎవరూ అభ్యంతరం తెలపలేదు
(బెంగళూరు సర్జాపుర రోడ్డు వైపు జరిగిన ఒక ఉగాది సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న అమ్మలకు, వెనక నిలబడి భోజనాల వైపు చూస్తున్న కుర్రాళ్ళకు నమస్కారం. ఇందాక పంచాంగ శ్రవణంలో సిద్ధాంతిగారు నా రాశికి రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు అన్నారు. పంచాయతీ ఆఫీసుకి వెళ్ళొచ్చేవాణ్ణి కదా, ఆరుతో సరిపెట్టినందుకు ఆయనకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. పచ్చడి బాగుంది. చేసినవాళ్ళెవరో గానీ వేపపువ్వు విషయంలో మొహమాటపడలేదు.

నాకిచ్చిన అంశం ‘మారుతున్న మన పల్లెలు’. హరిదాసులు, గంగిరెద్దులు, అరుగు మీద కబుర్లు, వీటి గురించి మాట్లాడతానని కమిటీవారు అనుకొని ఉంటారు. క్షమించాలి. నేను ఇళ్ళ లైసెన్సుల గురించి మాట్లాడతాను. పల్లె మారేది అరుగు మీద కాదు, పంచాయతీ మీటింగులో. ఏ పొలంలో ఇల్లు లేస్తుందో, ఏ కాలువ మీద గోడ లేస్తుందో తేలేది అక్కడ.

మాది ఇక్కడే, ఆనేకల్ తాలూకా. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, హోసూరు వైపు వెళ్తే తమిళం. చాలా ఏళ్ళు ఇళ్ళ ప్లాన్లు గీశాను. ఒక చిన్న గది, ఒక బల్ల, తర్వాత ఒక కంప్యూటరు. ప్లాను గీయడం, పంచాయతీకి అర్జీ రాయడం, రెండూ నా పనే. మా వృత్తిలో ఒక రివాజు ఉండేది. ఇంటికి రెండు ప్లాన్లు. ఒకటి పంచాయతీకి, ఒకటి మేస్త్రీకి. పంచాయతీ ప్లానులో నాలుగు వైపులా ఖాళీ ఉంటుంది, మూలన చెట్టు బొమ్మ కూడా ఉంటుంది. మేస్త్రీ ప్లానులో గోడ పక్కవాడి గోడకి ఆనుకుంటుంది, మెట్లు రోడ్డు మీదికి దిగుతాయి. మొదటి ప్లాను మీద పంచాయతీ ముద్ర పడుతుంది, రెండోదాన్ని బట్టి ఇల్లు లేస్తుంది. లేచాక వచ్చి టేపు పెట్టి కొలిచినవాణ్ణి నేనైతే చూడలేదు.

నవ్వుతున్నారు. మీ ఇళ్ళు కూడా అలాంటివే కాబట్టి నవ్వుతున్నారు.

పద్ధతి ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి. పొలంలో ఇల్లు కట్టాలంటే ముందు 1964 నాటి కర్ణాటక ల్యాండ్ రెవెన్యూ చట్టం సెక్షన్ 95 కింద డీసీ కన్వర్షన్ కావాలి, అంటే వ్యవసాయ భూమిని ఇళ్ళకి వాడుకోవచ్చని జిల్లా డిప్యూటీ కమిషనర్ అనుమతి. తర్వాత 1961 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం కింద ప్లానింగ్ అథారిటీ లేఔట్‌ని మంజూరు చేయాలి. రోడ్లూ పార్కూ పంచాయతీకి రాసివ్వాలి. అప్పుడు ఈ-స్వత్తులో, అంటే పంచాయతీ ఆస్తుల ఆన్‌లైన్ రికార్డులో, సైటు సక్రమమని చెప్పే ఫారం 9, ఫారం 11ఏ వస్తాయి. ఆపైన 1993 నాటి పంచాయతీరాజ్ చట్టం సెక్షన్ 64 కింద ఇల్లు కట్టుకోవడానికి పంచాయతీ అనుమతి. ఇన్ని గడపలు దాటకుండా పొలాన్ని ముక్కలు చేసి అమ్మితే దాన్ని రెవెన్యూ సైటు అంటాం. దానికి వచ్చేది 11బి, అంటే అనుమతుల్లేని సైటుకిచ్చే ఫారం. ఈ-స్వత్తు 2013లో వచ్చింది. అంతకుముందు ఖాతా, అంటే పంచాయతీ లెక్కల్లో ఆస్తి ఎవరి పేరున ఉందో చెప్పే కాగితం, చేత్తో రాసిచ్చేవారు. ఆ చేతిరాత ఖాతాల కథ చెప్తే ఈ ఉగాదికి మొదలుపెట్టి వచ్చే ఉగాదికి ముగిస్తాను. వదిలేద్దాం.

పంచాయతీవాళ్ళంతా దొంగలని నేననడం లేదు. 400 మంది జనాభాకి ఒక మెంబరు. ఆయనకి తన వీధి లైటు, తన బోరు, తన వాళ్ళ పింఛను. పీడీఓకి, అంటే పంచాయతీ అభివృద్ధి అధికారికి, ఉపాధి హామీ బిల్లులు, నీళ్ళు, చెత్త, పైనుంచి వీడియో కాన్ఫరెన్సులు. ఇంటి అర్జీ వస్తే అది వాళ్ళకి పన్ను కట్టే కొత్త ఇల్లు. పన్ను లేకపోతే పంచాయతీ నడవదు. లైసెన్సు ఇస్తే అందరూ సంతోషిస్తారు. ఆపితే ఒక్కడు కూడా మెచ్చుకోడు. అలాంటప్పుడు ఎవరు ఆపుతారు చెప్పండి?

ఒక చిన్న పని చేద్దాం. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో గ్రామసభకి ఒక్కసారైనా వెళ్ళినవాళ్ళు చేతులెత్తండి. మొహమాటం వద్దు... మూడు చేతులు. అందులో ఒకరు మెంబరుగారే. ఆరు నెలలకోసారైనా గ్రామసభ జరపాలని చట్టం. మనలో చాలామందికి ఇల్లిక్కడ, ఓటు నెల్లూరులోనో అనంతపురంలోనో. 2024 మే 13న ఆంధ్రాలో ఎన్నికలంటే బస్సుల్లో నిలబడి మరీ వెళ్ళారు. మంచిదే. అక్కడి ఎమ్మెల్యేని ఎన్నుకున్నారు. ఇక్కడ మీ ఇంటి ముందు మోరీ ఎటు తిప్పాలో తేల్చే మెంబరు ఎవరు? పేరు చెప్పగలరా? చెప్పలేరు. ఆయనకీ మీ పేరు తెలియదు, మీ ఇంటి పన్ను నంబరు తెలుసు.

సరే, అసలు చెప్పాలనుకున్నది తీర్మానాల పుస్తకం గురించి. ఏ అర్జీ మీదైనా పంచాయతీ మీటింగులో చర్చించాలి, తీర్మానం రాయాలి. ఆ పుస్తకం చూడాలంటే కొంచెం గుండె ధైర్యం కావాలి. ఎజెండాలో తాగునీరు ఒక విషయం, వీధి దీపాలు ఒక విషయం, చెత్త బండి డీజిలు ఒక విషయం. చివర్న ‘వచ్చిన ఇతర అర్జీలు’. ఆ ఇతర అర్జీల్లోనే మొత్తం ఊరి భవిష్యత్తు ఉంటుంది. పేర్ల జాబితా, సర్వే నంబర్లు, కింద ఒకే ఒక వాక్యం, ‘చర్చించి ఆమోదించడమైనది’. ఏం చర్చించారో ఉండదు. ఎవరు వెళ్ళి స్థలం చూశారో ఉండదు. ఒక్క వాక్యం మీద పాతిక ఇళ్ళు లేస్తాయి. డీజిలు లెక్కకి మాత్రం అర పేజీ!

ఇప్పుడు నా సంగతి. కమిటీవారు గడియారం చూస్తున్నారు, తెలుసు. అయినా చెప్తాను, ఎందుకంటే ఇది చెప్పడానికే నేను ఒప్పుకొని వచ్చాను.

మా పొలం పక్కన ఒక కాలువ. పెద్దదేం కాదు, పై చెరువు నిండితే మిగులు నీళ్ళు కింది చెరువుకి పోయే దారి. ఎండాకాలం గడ్డి మేస్తూ గొర్రెలుంటాయి, కొత్తవాళ్ళకి అది కాలువని తెలియదు. గ్రామ నక్షాలో జంట గీతగా ఉంది. పొలం రికార్డు పహణీలో బి ఖరాబు కింద గుంటల లెక్కతో సహా ఉంది. బి ఖరాబు అంటే దారి, వాగు, కాలువ, అంటే అందరిదీ. ఎవడి పేరా ఎక్కేది కాదు. పక్క పొలం అమ్ముడుపోయింది, సైట్లయ్యాయి. రంగు కాగితం మీద బ్రోచరు వేశారు. అందులో మా కాలువకి ఆకుపచ్చ రంగు పూసి ‘గ్రీన్ బెల్ట్’ అని రాశారు. మూడో నెల్లో ఎర్రమట్టి టిప్పర్లు వచ్చి ఆ గ్రీన్ బెల్టుని పూడ్చాయి. దాని మీద నాలుగు సైట్లు.

నేను ఊరుకోలేదు. నక్షా కాపీ, పహణీ కాపీ జతచేసి, ఇక్కడ కట్టడానికి అనుమతి ఇవ్వొద్దని అభ్యంతరం రాశాను. కన్నడంలో, నా చేత్తో, నా మంచి దస్తూరీతో. కౌంటర్ దగ్గర తీసుకొని రెండో కాపీ మీద ముద్ర కొట్టి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చారు. ఇదిగో, తెచ్చాను. ముందు వరసలో వాళ్ళు చూడండి, వెనక్కి పంపండి, కానీ మళ్ళీ నాకు ఇవ్వండి.

జవాబు రాలేదు. పిల్లర్లు లేచాయి. అప్పుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద తీర్మానం కాపీ అడిగాను. వచ్చింది. అందులో మామూలు వాక్యం ఉంటుందనుకున్నాను. లేదు, ఈసారి ఇంకో ముక్క కలిపారు. ‘సదరు నిర్మాణానికి ఎవరూ అభ్యంతరం తెలపనందున చర్చించి ఆమోదించడమైనది.’

ఎవరూ అభ్యంతరం తెలపలేదట! ముద్ర వాళ్ళదే. తేదీ, మీటింగుకి ముందుదే. నా అర్జీ ఏ ఫైల్లో ఉందంటే పీడీఓ మారారు అన్నారు. మారిన పీడీఓ చాలా మర్యాదస్తుడు, కాఫీ తెప్పించాడు. ‘సార్, మీరు చెప్పింది నిజమే, కానీ ఇప్పుడు లెంటల్ దాకా వచ్చింది కదా’ అన్నాడు. తాలూకా పంచాయతీకి అప్పీలు పెట్టాను. వాయిదా. మళ్ళీ వాయిదా. ఈలోగా స్లాబు పడింది. గృహప్రవేశానికి నన్ను కూడా పిలిచారు. వెళ్ళాను. భోజనం బాగుంది. బొబ్బట్లు మాత్రం కొంచెం గట్టిగా ఉన్నాయి.

ఇల్లు కొన్నాయన మనవాడే, కర్నూలు వైపు. సాఫ్ట్‌వేర్. మంచివాడు, బ్యాంకు లోను తీసుకున్నాడు. బ్యాంకువాళ్ళు, వాళ్ళ లాయరు కాగితాలన్నీ చూసి సరే అన్నారట. అవును, కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. నీళ్ళకి కాగితం చదవడం రాదు, అదే ఇబ్బంది. గట్టి వాన పడిన రాత్రి ఆయన కింది అంతస్తులోకి మోకాలి లోతు వచ్చింది. సంపులో మురుగు కలిసింది. పొద్దున్నే మా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, ‘అంకుల్, ఇక్కడ కాలువ ఉండేదటగా, ఎటు పోయేది?’ అని అడిగాడు. తీసుకెళ్ళి చూపించాను. ‘మీ హాల్లో సోఫా ఉన్న చోటు’ అన్నాను. ఏమనాలి మరి?

ఇది ఒక ఇంటి గొడవ కాదు. ఈ వైపు చెరువులన్నీ ఒకదానికొకటి గొలుసుగా ఉన్నవి. కైకొండ్రహళ్ళి చెరువు మిగులు సౌల్ కెరెకి, అక్కడి నుంచి బెళ్ళందూరుకి, బెళ్ళందూరు నుంచి వర్తూరుకి, ఆ తర్వాత దక్షిణ పినాకినికి. ఆ నీళ్ళే మన హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాములో చేరతాయి. పైన ఒక పంచాయతీలో పూడ్చిన రెండు గజాల కాలువ కింద ఎవరి బెడ్‌రూములో తేలుతుందో ఎవరు చెప్పగలరు? 2022 సెప్టెంబరులో ఈ సర్జాపుర రోడ్డు పక్కనే విల్లాల్లోంచి జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తెచ్చారు. టీవీలో చూసి ‘అయ్యో’ అన్నాం. చెరువుల పక్కన, రాజకాలువల పక్కన, అంటే వాననీరు పోయే పెద్ద కాలువల పక్కన, ఎంత ఖాళీ వదలాలన్న దాని మీద ఢిల్లీ దాకా వెళ్ళాం. 2016లో గ్రీన్ ట్రిబ్యునల్ చెరువుకి 75 మీటర్లంది, 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మీటర్ల లెక్క ఏదైనా కానీయండి, అసలు కాలువే లేని చోట ఎక్కణ్ణించి కొలుస్తారు?

అధ్యక్షులవారు చీటీ పంపారు. ‘ఐదు నిమిషాలు’. ఉగాది రోజు ఐదు నిమిషాలంటే పది అని నా లెక్క.

‘రేపోమాపో బెంగళూరు కార్పొరేషన్‌లో కలిపేస్తారు, అప్పుడన్నీ సరిపోతాయి’ అని కొందరు ధైర్యం చెప్తుంటారు. పోయిన సెప్టెంబరులో, అదే 2025లో, గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చి ఒక కార్పొరేషన్ ఐదయ్యాక ఈ మాట ఇంకా పెరిగింది. సైట్లమ్మేవాళ్ళకి ఇది బంగారం. 2007లో 110 పల్లెల్ని బెంగళూరులో కలిపారు. ఆ 110 పల్లెల కోసం తెచ్చిన కావేరి ఐదో దశ నీళ్ళు ప్రారంభమైంది 2024 అక్టోబరులో. పదిహేడేళ్ళు. అన్నాళ్ళు ట్యాంకర్లే. అక్రమ-సక్రమ పథకం వస్తుంది, అన్నీ రెగ్యులర్ అవుతాయి అన్నారు. 2017 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఇక అదే కోర్టు 2024 డిసెంబరు తీర్పు తర్వాత ఓసీ, అంటే ఇల్లు ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, లేని ఇళ్ళకి కరెంటు కనెక్షన్ ఇవ్వడం లేదని ఎంతమంది నా దగ్గరికి టెన్షన్‌తో వచ్చారో! మీటరు తాత్కాలికంది, బిల్లు ఎక్కువ, లోను కంతు ఆగదు. లైసెన్సు ఇచ్చిన మెంబరు పదవి దిగిపోయాడు, సైటు అమ్మినవాడు ఫోను ఎత్తడు.

నేను పంచాయతీని అడిగేది పెద్దదేమీ కాదు. ఇంటి అర్జీ రాగానే సర్వే నంబరుతో సహా బోర్డు మీద పెట్టండి, మీటింగుకి ముందే. వెళ్ళి స్థలం చూసి, చూసినవాడి పేరు రాయండి. అభ్యంతరం వస్తే వచ్చిందని రాయండి, ఎందుకు తోసిపుచ్చారో రాయండి. ఒక నిర్ణయం వల్ల నష్టపోయేవాడికి కారణం చెప్పాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4లోనే ఉంది. నేను కొత్తగా పుట్టించింది కాదు. అన్నీ ఆమోదించుకోండి, నాకు పట్టదు. కానీ నేను ముద్ర వేయించుకున్న కాగితం ఉండగా ఎవరూ అభ్యంతరం తెలపలేదని రాయకండి. అది మాత్రం నాకు మింగుడు పడదు.

మెంబరుగారు ఇక్కడే ఉన్నారు. మీరు మంచివారు కాబట్టే ముందే చేయెత్తారు. వచ్చే మీటింగులో బోర్డు సంగతి అడుగుతానని ఈ సభలో ఒక మాట ఇవ్వండి... తల ఊపారు. అందరూ చూశారు కదా?

ఇక మీకు. సైటు చూడ్డానికి వెళ్తే దిశాంక్ యాప్ తెరిచి అక్కడే నిలబడి సర్వే నంబరు చూసుకోండి. పహణీలో ఖరాబు గడి చూడండి, బ్రోచరు తర్వాత చూడొచ్చు. వీలైతే వానాకాలంలో వెళ్ళండి. ఓటు ఇక్కడికి మార్చుకోండి. ఈసారి గ్రామసభ నోటీసు పడితే కనీసం వీధికొకరు రండి. అభ్యంతరం రాసేటప్పుడు రెండు కాపీలు రాయండి. ముద్ర, తేదీ, సంతకం మూడూ పడేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి. కన్నడం రాయడం రానివాళ్ళకి నేను రాసిపెడతాను, డబ్బులేం వద్దు. భోజనాలయ్యేదాకా ఆ చేతులు కడుక్కునే చోటు పక్కన కూర్చుంటాను. కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు రండి. ఇందాక వెనక్కి పంపిన నా కాగితం ఎవరి దగ్గరుందో, దయచేసి ముందుకు పంపండి.