ప్రభ ఎవరిది? డి కానియో, సండర్లాండ్ అభిమానుల గొడవ

అందరికీ నమస్కారమండి. మొన్న అమలాపురంలో టీ కొట్టు దగ్గర ఓ తమ్ముడు అన్నాడు: "ఫుట్‌బాల్ అభిమానులకి సిద్ధాంతాలేంటన్నయ్యా, మూడు గోల్స్ పడితే అన్నీ మర్చిపోతారు. సండర్లాండ్ వాళ్ళు మర్చిపోలేదా?" ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదండి. విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఫాసిస్టునని చెప్పుకున్న ఇటలీ మాజీ ఆటగాడు డి కానియోని ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ క్లబ్ మేనేజర్‌గా తెచ్చినప్పటి గొడవ అది. మర్చిపోలేదు. ఏం జరిగిందో చెప్తాను, వినండి.

2013 మార్చి 30న సండర్లాండ్ మేనేజర్ మార్టిన్ ఓనీల్‌ని తీసేశారు. మర్నాడే పావోలో డి కానియోని తెచ్చారు. అప్పటికి మిగిలినవి ఏడు మ్యాచ్‌లు, కింద డివిజన్‌కి పడిపోయే గీతకి ఒక్క పాయింటే ఎడం.

డి కానియో అంటే మనలో చాలామందికి ఎవర్టన్ మీద ఆ క్యాచే గుర్తొస్తుంది. 2000 డిసెంబరులో గోల్‌కీపర్ దెబ్బ తగిలి పడిపోతే, గోల్ కొట్టే అవకాశం వదిలేసి బంతిని చేతుల్తో పట్టేసుకున్నాడు. దానికి ఫిఫా ఫెయిర్ ప్లే అవార్డు కూడా వచ్చింది. అదే మనిషి 2005లో ఇటలీ క్లబ్ లాజియో జెర్సీ వేసుకుని, చెయ్యి చాచి ముస్సోలినీ నాటి ఫాసిస్టు సెల్యూట్ కొట్టాడు. నేను ఫాసిస్టునే గానీ జాత్యహంకారిని కాదు అని తన నోటితోనే చెప్పాడు.

ఇప్పుడు గని కార్మికుల బేనర్ సంగతి. ఈ వీడియో అసలు దీని గురించే.

(స్క్రీన్ మీద: జగ్గన్నతోట, కనుమ రోజు)

కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం మనకి కొత్త కాదు. పదకొండు ఊళ్ళ ప్రభలు, అంటే వెదురుకి రంగు గుడ్డలు కట్టి, దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకొచ్చేవి, గంగలకుర్రు వైపు నుంచి వచ్చేవి కౌశిక ఏరు దాటే ఆ దృశ్యం. 2023లో రిపబ్లిక్ డే శకటంగా ఢిల్లీలో కూడా తిరిగింది. మా ఊరి ప్రభ కింద నేనూ భుజం పెట్టాను కాబట్టి ఈ పోలిక తెస్తున్నాను.

సండర్లాండ్ దగ్గరి డర్హం బొగ్గు గనుల్లో ప్రతి గని కార్మిక సంఘానికీ ఓ బేనర్ ఉండేదండి. పెద్ద గుడ్డ మీద బొమ్మలు వేసి, రెండు కర్రలకి కట్టి, బ్యాండు మేళంతో ఇప్పటికీ ఏటా జులైలో డర్హం వీధుల్లో మోసుకెళ్తారు. 1871 నుంచి ఉన్న పండగ అది. ఒక్కో గనికి ఒక్కో బేనర్, ఒక్కో ఊరికి ఒక్కో ప్రభ. నాకు తేడా ఏమీ కనిపించదు.

సండర్లాండ్ స్టేడియం ఎక్కడ కట్టారు? 1993లో మూతపడ్డ మాంక్‌వేర్‌మౌత్ గని స్థలంలో. 1997లో తెరిచారు. 'స్టేడియం ఆఫ్ లైట్' అన్న పేరు గని కార్మికుల దీపం మీద గౌరవంతో పెట్టింది. బయట ఆ దీపం విగ్రహం కూడా ఉంది. ఆ గని బేనర్‌ని స్టేడియంలోనే పెట్టారు. డి కానియో వచ్చీ రాగానే డర్హం గని కార్మికుల సంఘం ఏమంది? మా బేనర్ మాకిచ్చెయ్యండి అంది.

మన ప్రభని ఏడాదంతా ఓ పెద్దాయన చావిట్లో దాచుకోమని ఇచ్చామనుకోండి. మన తాతల్ని ఏడిపించినవాళ్ళని మెచ్చుకునే మనిషిని ఆయన తెచ్చి ఇంటి పెద్దగా కూర్చోబెట్టాడు. మనం ఏం చేస్తాం? ఊరొదిలిపోం. మా ప్రభ మాకివ్వండి అంటాం. ఆ అడగడంలో ప్రేమే ఉందండి. ప్రేమ లేనివాడు అడగడు, పోతే పోనీ అంటాడు.

క్లబ్ వైస్ ఛైర్మన్ డేవిడ్ మిలిబాండ్, డి కానియో పాత రాజకీయ మాటల వల్ల, అతన్ని తెచ్చిన రోజే రాజీనామా చేశాడు. అప్పటి డర్హం కథీడ్రల్ (పెద్ద చర్చి) పెద్ద కూడా సండర్లాండ్ అభిమానే. ఆయన తల్లి జర్మనీ నుంచి తప్పించుకుని వచ్చిన యూదురాలు. ఆయన డి కానియోకి బహిరంగ లేఖ రాశాడు. నా వరకూ ఆయన చేసిందే సరైన పని. సండర్లాండ్ ఓడలు కట్టిన ఊరు, యుద్ధంలో జర్మన్ బాంబులు పడ్డ ఊరు. ఫాసిజం అన్న మాట అక్కడి ముసలివాళ్ళకి పుస్తకంలో చదివిన మాట కాదు.

డి కానియో మొదట రాజకీయాలు మాట్లాడనన్నాడు. ఏప్రిల్ 3న మాత్రం ఫాసిజాన్ని సమర్థించనని ప్రకటన ఇచ్చాడు. కొందరికి అది చాలింది. కొందరికి చాల్లేదు.

ఇక ఆ మూడు గోల్స్. ఏప్రిల్ 14న పక్క ఊరి చిరకాల ప్రత్యర్థి న్యూకాజిల్ గడ్డ మీద సండర్లాండ్ 3-0తో గెలిచింది. డి కానియో మోకాళ్ళ మీద జారుకుంటూ వెళ్ళాడు, అభిమానులు ఊగిపోయారు. "చూశారా, మర్చిపోయారు" అనేది ఇక్కడే.

ప్రభ కౌశికలో దిగింది అనుకోండి. నీళ్ళు మొల లోతు, కాలికింద బురద. ముందు నడుస్తున్న మనిషంటే నీకు గిట్టదు. అప్పుడు భుజం తీసేస్తావా? తియ్యవు. ఇంకా గట్టిగా పట్టుకుంటావు, ఎందుకంటే పడేది ప్రభ, అతను కాదు. అవతలి గట్టు ఎక్కాక "అశ్శరభ శరభ" అని గొంతు చించుకుని అరుస్తావు. ఆ అరుపు ముందు నడిచినవాడి కోసమా? న్యూకాజిల్‌ని వాళ్ళింట్లో ఓడించడం సండర్లాండ్‌కి కౌశిక దాటడం లాంటిదండి. ఆ రోజు అరిచినవాళ్ళలో డి కానియోని నెత్తిన పెట్టుకున్నవాళ్ళూ ఉంటారు, కాదనను. కానీ అరిచిన ప్రతివాడూ అతని మాటల కింద సంతకం పెట్టినట్టు కాదు.

మా తీర్థంలోనూ అంతేనండి. పక్కపక్కనే భుజం పెట్టిన ఇద్దరు వేర్వేరు పార్టీలకి ఓటేస్తారు. దించాక వాదించుకుంటారు. మోస్తున్నప్పుడు అడుగు కలుపుతారు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. సండర్లాండ్ కంటే ముందు 2011లో స్విండన్ క్లబ్ అతన్ని మేనేజర్‌గా తీసుకున్నప్పుడు జీఎంబీ అనే కార్మిక యూనియన్ ఆ క్లబ్‌కి స్పాన్సర్‌షిప్ మానేసింది. మరుసటి ఏడాదే స్విండన్ లీగ్ టూ (ఇంగ్లండ్‌లో నాలుగో అంచె లీగ్) గెలిచింది. రెండూ నిజమే, ఒకటి ఇంకోదాన్ని కొట్టెయ్యదు.

"అసలు మేనేజర్‌కి రాజకీయాలెందుకు" అనేవాళ్ళకి: లివర్‌పూల్ పాత మేనేజర్ బిల్ షాంక్లీ గనిలో పనిచేసి వచ్చిన మనిషి, సోషలిస్టునని బాహాటంగా చెప్పుకున్నాడు, లివర్‌పూల్ అతన్ని దేవుడిలా చూస్తుంది. ఇంకో పేరున్న మేనేజర్ బ్రయన్ క్లఫ్ సమ్మెలో ఉన్న గని కార్మికుల పికెట్‌లో నిలబడ్డాడు. మాంచెస్టర్ సిటీ మేనేజర్‌గా ఉండగా గార్డియోలా, జైల్లో ఉన్న కాటలోనియా నాయకులకి మద్దతుగా పసుపు రిబ్బన్ పెట్టుకుంటే 2018లో 20,000 పౌండ్ల జరిమానా పడింది. అభిమానులు రాజకీయం ఉందా లేదా అని చూడరండి, ఏ రాజకీయం అని చూస్తారు.

ఆఖరికి సండర్లాండ్ ఆ సీజన్‌లో 17వ స్థానంతో గట్టెక్కింది. సెప్టెంబరు 22న డి కానియోని పంపించేశారు. కొత్త సీజన్‌లో ఐదు లీగ్ మ్యాచ్‌లకి ఒక్క పాయింటే వచ్చింది, పైగా ఆటగాళ్ళకీ అతనికీ పడలేదు. రాజకీయాల వల్ల కాదు, ఇది కలిపేసి చెప్పకండి.

స్టేడియం బయట ఆ గని దీపం ఇప్పటికీ ఉంది. ఈ కనుమకి జగ్గన్నతోట వస్తే కలవండి, నేను మా ఊరి ప్రభ కిందే ఉంటాను. ఉంటానండి.