ఆసాపుకు నిద్రపట్టని రాత్రి

అందరికీ వందనాలు. కష్టకాలంలో దేవుడు చేసిన మేళ్లను తలచుకోవాలని మనం ఒకరికొకరం తరచూ చెప్పుకుంటాం. తలచుకోగానే మనసు తేలికపడిపోతుందన్నట్టు చెబుతాం. బైబిలులోని 77వ కీర్తన చదివితే సంగతి అంత సులువుగా అనిపించదు.

ఈ కీర్తన ఆసాపు పేరున ఉంది. దేవుని సన్నిధికి గుర్తైన పవిత్ర పెట్టె, అంటే మందసం ఎదుట స్తుతిగానం కోసం దావీదు రాజు నియమించిన లేవీయుల్లో, అంటే ఆరాధన సేవ చేసే గోత్రంవారిలో ముఖ్యుడు ఆయన, తాళాలు వాయించేవాడు. ఆరాధన నడిపించడమే పనిగా ఉన్న మనిషికి కంటిమీద కునుకు లేదు. రాత్రంతా చేయి చాచే ఉన్నాడు, ఓదార్పును మనసు ఒప్పుకోలేదు. మూడో వచనం చూడండి: దేవుణ్ణి జ్ఞాపకం చేసుకుంటే నిట్టూర్పే వచ్చింది. ఒకప్పుడు రాత్రివేళ పాడుకున్న పాట గుర్తొచ్చింది, అదీ ఊరటనివ్వలేదు. మంచి రోజులు గుర్తుకొస్తే ఇవాళ్టి రోజు మరింత బరువవుతుందని ఆస్పత్రి వరండాలో రాత్రులు గడిపినవారికి నేను చెప్పనక్కరలేదు.

ఆపైన ప్రశ్నలు. ఏడో వచనం నుంచి తొమ్మిది దాకా వరసగా ఆరు. ప్రభువు ఇక ఎప్పటికీ విడిచిపెట్టినట్టేనా? ఆయన కృప అయిపోయిందా? కనికరించడం మరచిపోయాడా? మన ప్రార్థన కూటంలో ఎవరైనా ఇలా అడిగితే గొంతు సవరించుకుని మాట మార్చేస్తాం. ఈ కీర్తన మాత్రం ప్రధాన గాయకుడి చేతికి వెళ్లింది, పదిమందీ పాడడానికి.

అప్పుడు ఆసాపు చూపు తన మీద నుంచి మళ్లింది, తాను పుట్టకముందెప్పుడో తన జనానికి దొరికిన విడుదల వైపు. ఐగుప్తు దాస్యం నుంచి బయటపడుతున్న ఇశ్రాయేలీయులకు దారి ఇచ్చిన ఎర్ర సముద్రం. ఆయన దాన్ని చూడలేదు, విన్నాడంతే. కళ్లారా చూసినవారి సంగతేమిటంటారా? దాటిన మూడు రోజులకే మారా అనే చోట నీళ్లు చేదుగా ఉన్నాయని తమ నాయకుడు మోషే మీద సణిగారు! చూసినవారే ఇంత త్వరగా మరచిపోతారు కాబట్టే కాబోలు, ఐగుప్తు విడవకముందే ఆ విడుదలను తలచుకునే పస్కా పండుగ పెట్టి, పిల్లలు అడిగితే అర్థం చెప్పమన్నారు.

పైగా ఆసాపు తలచుకున్న సముద్రం ఉరుములతో, మెరుపులతో, భూకంపంతో నిండి ఉంది. దేవుడు నీళ్లలో దారి తీశాడు, ఆయన అడుగుజాడలు మాత్రం ఎవరికీ తెలియలేదంటాడు 19వ వచనంలో. నా మట్టుకు నాకు ఈ కీర్తనంతటికీ ఇదే ఆయువుపట్టు. దేవుడు కనబడడం లేదని కుమిలిపోతున్నవాడికి, ఆనాడు దాటినవారికీ ఆయన జాడ కనబడలేదని అర్థమైంది. అయినా దాటారు.

మోషే అహరోనుల ద్వారా నీ ప్రజలను మందలా నడిపించావు అనే మాటతో 20వ వచనం దగ్గర కీర్తన ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆసాపు కష్టం తీరిందో లేదో అందులో లేదు. మనమేమో ఉద్యోగం వచ్చాక, జబ్బు నయమయ్యాక మాత్రమే దేవుడు చేసిన మేలు చెప్పే సాక్ష్యానికి లేచి నిలబడతాం. సంఘ పెద్దలకు నాదొక మనవి: వచ్చే ఆదివారం సాక్ష్యాల వేళ, ఇంకా ఏదీ తీరనివారిని కూడా ముందుకు పిలవండి.