తడిస్తే ఏది వెచ్చన? జీన్సు నుంచి గొంగడి దాకా బకెట్లో ముంచి చూశాం

నమస్కారమండీ. జయపురం నుంచి మాట్లాడుతున్నాను. రాజస్థాన్ జైపూర్ కాదు, మన ఒడిశా కొరాపుట్ జిల్లా జయపురం. ప్రతి వీడియోలోనూ ఈ ముక్క చెప్పుకోవాల్సి వస్తోంది, అలవాటైపోయింది.

ఇవాళ రివ్యూ ఫోనుదీ కాదు, బండిదీ కాదు. ఈ దండెం చూడండి. వరసగా ఒక జీన్స్ ప్యాంటు, ఒక కాటన్ హుడీ, ఫుట్‌పాత్ మీద కొన్న స్వెట్టరు, ఫ్లీసు జాకెట్టు, మెరినో అనే గొర్రె జాతి సన్నటి ఊలు బనీను. ఆ చివర నల్లగా, దండెం తీగని కిందికి లాగేస్తూ వేలాడుతున్నది మా పెదనాన్నగారి గొంగడి. ఆరింటినీ పొద్దున్నే ఈ బకెట్లోనే ముంచి తీశాను. మా పక్కింటివాళ్ళు గోడమీంచి చూసి, వీడికి పెళ్ళి కుదిరిందా ఏంటి, బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు అని నవ్వుకున్నారు.

ఎందుకీ పని అంటే, పోయిన ఆగస్టులో మేం ముగ్గురం రెండు బండ్ల మీద దేవమాలి వెళ్ళాం. ఒడిశా మొత్తంలో ఎత్తైన కొండ, 1,672 మీటర్లు. జయపురంలో బయల్దేరినప్పుడు ఉక్కపోత. కొరాపుట్ ఘాట్ ఎక్కాక గాలి మారింది. సెమిలిగూడ దాటాక మబ్బు రోడ్డు మీదికే దిగింది. ఆ కొండమీద వాన పైనుంచి పడదండీ, పక్కనుంచి కొడుతుంది. పది నిమిషాల్లో ముద్దయిపోయాం.

నా ఒంటిమీద ఉన్నది ఈ హుడీ. పట్టుకుంటే మందంగా ఉంటుంది, లోపల మెత్తగా నూగు. చలికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. కింద ఈ జీన్సు. వాన ఆగింది, హమ్మయ్య అనుకుని దిగడం మొదలుపెట్టాం. అసలు కథ అక్కడ మొదలైంది. బండి మీద గాలి తగిలేసరికి పళ్ళు టకటకలాడాయి. ఇంకాస్త దిగాక వేళ్ళు క్లచ్ మీద బిగుసుకుపోయాయి, వదలమంటే వదలవు. సెమిలిగూడలో టీ కొట్టు దగ్గర ఆగితే హెల్మెట్ బకిల్ తీయడం నావల్ల కాలేదు. చిన్నపిల్లాడిలా గడ్డం ఎత్తి పట్టుకుంటే ఆ కొట్టావిడే తీసింది.

ఇందులో నాకు కాలిన విషయం ఏంటంటే, మా బావ కూడా నాలాగే తడిశాడు. అదే వాన, అదే గాలి. వాడు పాత ఫ్లీసు ఒకటి వేసుకొచ్చాడు, మోచేతుల దగ్గర అరిగిపోయింది. వాడు నవ్వుతూ పకోడీలు తింటున్నాడు. నా చేతిలో గ్లాసు నిలబడట్లేదు, సగం టీ కిందే పోయింది.

మనల్ని వెచ్చగా ఉంచేది బట్ట కాదండీ, బట్టలో ఇరుక్కున్న గాలి. కదలని గాలిలోంచి వేడి తొందరగా బయటికి పోదు. ఆ గాలి ఉన్న చోటికి నీళ్ళొచ్చి కూర్చుంటే, నీళ్ళు గాలికన్నా సుమారు పాతిక రెట్లు తొందరగా వేడిని లాగేస్తాయి. అది ఒక దెబ్బ. రెండో దెబ్బ ఆరేటప్పుడు. ఒక గ్రాము నీరు ఒంటిమీద ఆవిరవ్వాలంటే దాదాపు 580 క్యాలరీల వేడి కావాలి. హుడీలో పావుకిలో నీళ్ళు మిగిలాయనుకోండి, అవి ఆరడానికి 145 కిలోక్యాలరీలు. లెక్కకి రెండు మూడు ఇడ్లీలు. అందులో పెద్ద వాటా మీ ఒంట్లోంచే పోతుంది, పైగా గాలి ఎంత కొడితే అంత తొందరగా పోతుంది. అందుకే వానలో కన్నా వాన వెలిశాక బండి మీదే నాకు ఎక్కువ వణుకొచ్చింది.

ఇప్పుడు బట్టల దగ్గరికొద్దాం. హుడీని పిండుతున్నాను, చూడండి. ధారగా వస్తోంది. ఇంకోసారి. ఇంకా వస్తోంది. నా బలమంతా పెట్టి పిండాను. ఇప్పుడు ఈ పొడి తువ్వాలు మధ్యలో పెట్టి నొక్కితే, చూశారా, తువ్వాలు తడిసిపోయింది. పత్తి పోగు నీటిని ప్రేమగా దాచుకుంటుంది. తడిశాక నానిన అప్పడంలా చతికిలబడి చర్మానికి అతుక్కుంటుంది. ఇక గాలికి చోటెక్కడ? బయటి దేశాల్లో కొండలెక్కేవాళ్ళు ‘కాటన్ కిల్స్’, అంటే పత్తి ప్రాణం తీస్తుంది, అని ఊరికే అనలేదు. జీన్సుదీ అదే జాతకం, కాకపోతే ఇంకా మందం, ఇంకా ఆలస్యంగా ఆరుతుంది. దానిమీద ఇంతకన్నా టైము పెట్టను.

పత్తిని తిడుతున్నానని కోప్పడకండి. మన కోట్‌పాడ్ నేత పత్తిదే. ఆల్ చెట్టు వేరుతో ఎర్రగా అద్దకం వేసే ఆ నేతకి జీఐ గుర్తింపు కూడా ఉంది. మా అమ్మ బీరువాలో రెండు చీరలున్నాయి. ఏప్రిల్ ఎండలో దానికి మించిన బట్ట లేదు. మన ఎండల్లో చల్లగా ఉంచే పత్తి గుణమే కొండమీద మనల్ని గడ్డ కట్టిస్తుంది.

ఇక ఈ స్వెట్టరు. కొన్నప్పుడు ‘వంద శాతం ఊలు బాబూ’ అన్నాడు అమ్మినాయన. నేను మెడ దగ్గర పట్టీ చదవలేదు. చదివి ఉంటే ‘యాక్రిలిక్’ అని శుభ్రంగా రాసే ఉంది, అంటే ఊలులా కనిపించే ప్లాస్టిక్ జాతి దారం. పట్టీ లేని బట్టలు కూడా చాలా దొరుకుతాయి కాబట్టి మీకో పరీక్ష చూపిస్తాను. లోపలివైపు కుట్టు దగ్గర ఒక పోగు లాగండి. చేత్తో పట్టుకోవద్దు, చిమటాతో పట్టుకోండి, కింద స్టీలు పళ్ళెం పెట్టుకోండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

ముందు హుడీ పోగు. భగ్గున అంటుకుంది, కాగితం కాలిన వాసన, మిగిలింది మెత్తటి బూడిద. ఊదితే పోయింది. ఇప్పుడు మెరినో బనీను పోగు. చూడండి, మంట దగ్గరికి తెస్తుంటే ముడుచుకుని వెనక్కి పోతోంది. అంటుకుంది కానీ మంట తీసేయగానే దానంతట అదే ఆరిపోయింది. వాసన? వెంట్రుక కాలిన వాసన, అచ్చంగా. చివర నల్లటి పూస కట్టింది, వేళ్ళతో నలిపితే పొడి అయిపోయింది. ఇక మన వంద శాతం ఊలు. అంటుకుంది, నల్లపొగ, కరుగుతోంది, పళ్ళెంలో బొట్టు పడింది. కాసేపు ఆగి, చల్లారాక ముట్టుకుందాం. ఊఁ. రాయిలా ఉంది, నలగదు. తేలిపోయింది కదా.

చలికాలంలో మన ఊళ్ళలో టిబెటన్ల స్వెట్టర్ల దుకాణాలు వెలుస్తాయి. మన గజపతి జిల్లా చంద్రగిరిలోనే 1963 నుంచి వాళ్ళ సెటిల్‌మెంటు ఉంది. వాళ్ళ దగ్గర కొంటున్నాం కాబట్టి కొండ గొర్రెల ఊలుతో ఇంట్లో అల్లినవేమో అనుకుంటాం. చాలావరకు పంజాబులోని లుధియానా మిల్లుల సరుకే. అందులో తప్పేం లేదు. నేను చెప్పేదల్లా పట్టీ చూసుకోమని. యాక్రిలిక్ పోగు నీళ్ళు పెద్దగా తాగదు, కానీ ఆ వదులు అల్లికల సందుల్లో నీళ్ళు నిలబడిపోతాయి. ఇదిగో, ఈ చేతులు మోకాళ్ళ దాకా సాగాయి. జల్లు వానకి ఫరవాలేదు. దేవమాలికి మాత్రం వద్దు.

ఫ్లీసు. అమెరికాలో మాల్డెన్ మిల్స్ అనే కంపెనీ 1979లో తెచ్చిన బట్ట ఇది. పదార్థం పాలిస్టరే, మన నీళ్ళ సీసాల ప్లాస్టిక్ జాతి. పాలిస్టరు పోగు తనలోకి తీసుకునే తేమ అర శాతం కన్నా తక్కువ. నీళ్ళు పైపైన నూగులో ఉంటాయి తప్ప లోపలికి పోవు. చూడండి, పిండాను, రెండుసార్లు గట్టిగా విదిలించాను. ఇప్పుడు తువ్వాల్లో నొక్కుతున్నా. కొంచెం చెమ్మ, అంతే. నూగు కూడా మళ్ళీ లేచి నిలబడింది, అంటే గాలికి చోటు మళ్ళీ దొరికినట్టే. మా బావ పకోడీల రహస్యం ఇదే.

లోపాలు కూడా చెప్పుకోవాలి. గాలి దీంట్లోంచి దూసుకుపోతుంది. పైన పలచటి గాలి ఆపే జాకెట్టు ఒకటి ఉండాల్సిందే, బండి మీదైతే మరీ. రెండు, నిప్పు. క్యాంపులో నెగడు దగ్గర కూర్చున్నప్పుడు ఒక్క రవ్వ చాలు, కరిగి చిల్లు పడుతుంది. మూడు, చెమట కంపు. రెండు రోజులు ఉతక్కుండా వేసుకుంటే మన పక్కన ఎవరూ కూర్చోరు. కొనేటప్పుడు 100, 200, 300 అని జీఎస్ఎం అడగండి, చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువని అర్థం. మన కొండలకి 200 చాలు. మన దగ్గర దొరక్కపోతే వైజాగ్ వెళ్ళినప్పుడు తెచ్చుకోండి.

మెరినో. ఇక్కడొక తిరకాసు ఉంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు పత్తి తన బరువులో సుమారు 8 శాతం తేమ పట్టుకుంటే, ఊలు 16 శాతం దాకా పట్టుకుంటుంది. పత్తికి రెట్టింపు తాగేది పత్తికన్నా వెచ్చగా ఎలా ఉంటుంది? ఊలు ఆ తేమని పోగు లోపల దాచుకుంటుంది. పోగు పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, అది నీటిని ఒంటబట్టనివ్వదు. అన్నిటికన్నా ముఖ్యం, ఊలు పోగు ఉంగరాలు తిరిగి స్ప్రింగులా ఉంటుంది, తడిసినా చతికిలబడదు. గాలి ఉండిపోతుంది.

ఊలు తడిస్తే దానంతట అదే వేడి పుట్టిస్తుందని కూడా అంటారు. అబద్ధం కాదు, పొడి ఊలు గాలిలోని ఆవిరిని పీల్చుకునేటప్పుడు నిజంగానే కొంత వేడి వస్తుంది. కానీ పూర్తిగా నిండిపోయాక ఆ వేడీ ఆగిపోతుంది. దాన్ని నమ్ముకుని వానలో నిలబడకండి. తడిసిన ఊలు పొడి ఊలంత వెచ్చగా ఉండదు, తడిసిన కాటన్ కన్నా చాలా నయం, అంతే. ధర మాత్రం కళ్ళు తిరుగుతుంది. ఈ ఒక్క బనీను డబ్బుతో మూడు ఫ్లీసులొస్తాయి. రోజుల తరబడి కొండల్లో ఉండేవాళ్ళకైతే కంపు కొట్టదు కాబట్టి గిట్టుబాటు. పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చే మనలాంటివాళ్ళకి అనవసరం.

ఇక గొంగడి. మా పెదనాన్న మెదక్ వైపు ఉద్యోగం చేసినప్పుడు కురుమల దగ్గర కొన్నది. దక్కనీ నల్లగొర్రె ఊలు, రంగు వేసింది కాదు, గొర్రె రంగే. పడుగుకి చింతగింజల గంజి పెట్టి నేస్తారు, అందుకే కొత్తలో అట్టలా నిలబడుతుందట. ఇది పొద్దున్న బకెట్లో ముంచకముందు తీసిన ముక్క, దీనిమీద గ్లాసుతో నీళ్ళు పోస్తున్నా. చూశారా, ఒక్క క్షణం ముత్యాల్లా నిలిచి జారిపోయాయి. జల్లు వానలో గొర్రెలకాపర్లు దీన్ని మడిచి తలమీంచి ముసుగేసుకుని గంటలకొద్దీ ఎందుకు నిలబడగలరో ఇక్కడే తెలుస్తోంది.

కానీ బకెట్లో ముంచాక సంగతి వేరు. పిండటానికి నేనూ మా తమ్ముడూ చెరో కొసా పట్టుకుని తిప్పాల్సి వచ్చింది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అని ఎందుకన్నారో ఇవాళ నాకు అర్థమైంది, తడిశాక దాన్ని కదపలేం! మెడ దగ్గర గుచ్చుకుంటుంది, తడి గొర్రె వాసన. అయినా పది నిమిషాలు కప్పుకుని కూర్చున్నాను, పెరట్లో గాలికి. తడిగానే ఉంది, ఒళ్ళు మాత్రం చల్లబడలేదు. నిప్పురవ్వలకీ భయం లేదు. బండి మీదికి పనికిరాదు, కాపలా గుడిసెకీ క్యాంపుకీ రాజా.

మరి రెయిన్‌కోటు ఉంటే ఇదంతా ఎందుకు అంటారేమో. కొండెక్కేటప్పుడు ప్లాస్టిక్ కోటులో చెమట పట్టి లోపలినుంచే తడుస్తాం. కోటు పైన ఉండాల్సిందే, లోపల ఏముందన్నది కూడా లెక్కే. ఈకల జాకెట్లు కూడా ఈమధ్య అందరూ కొంటున్నారు. పొడి చలికి బ్రహ్మాండం, తడిస్తే లోపలి ఈకలు ఉండ కట్టేస్తాయి. వానాకాలంలో బీరువాలోనే ఉంచండి.

ఒకవేళ మీతో వచ్చినవాళ్ళు నాలాగే ఇరుక్కుంటే, ముందు తడి బట్టలు విప్పించండి, మొహమాటపడొద్దు. పొడిది ఏదుంటే అది, లుంగీ అయినా సరే, చుట్టబెట్టండి. స్పృహలో ఉండి మింగగలిగితే వేడిగా, తియ్యగా టీ ఇవ్వండి. జీలుగు కల్లు మాత్రం వద్దు. తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ చర్మంలోకి రక్తం ఎక్కువ చేరి వేడి ఇంకా బయటికి పోతుంది. మాట ముద్దముద్దగా వస్తున్నా, తికమకగా మాట్లాడుతున్నా, వణుకుతున్న మనిషి వెచ్చబడకుండానే వణకడం మానేసినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే అది మామూలు చలి కాదు.

వచ్చే నెల మళ్ళీ దేవమాలి వెళ్తున్నాం. నా బ్యాగులో బావ పోరు పడలేక కొన్న 200 ఫ్లీసు, పైన గాలి జాకెట్టు, జీన్సు బదులు పలచటి నైలాన్ ప్యాంటు, పాలిథీన్ కవర్లో మూటకట్టిన పొడి బనీను ఒకటి. హుడీని తమ్ముడు అడిగాడు, ఇచ్చేశాను, కాలేజీకి వేసుకుంటాడు. అమ్మ లోపల్నుంచి పిలుస్తోంది, దండెం ఖాళీ చేయమని. ఐదూ తీసేస్తాను. గొంగడి మాత్రం ఎల్లుండి దాకా ఆరేలా లేదు.