పెద్దయ్యాక కతోలికులై గురువు కావాలనుకుంటే: ముందు ఏది, తర్వాత ఏది

[తెర మీద: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పటం]

అందరికీ నమస్కారం. పెద్దయ్యాక కతోలిక శ్రీసభలో చేరి, ఆ తర్వాత గురువు (ఫాదర్) కూడా కావాలనుకునేవారి కోసం ఈ వీడియో. ఇవి రెండూ వేరువేరు నిర్ణయాలు. మొదటిది పూర్తయి, ఆ జీవితం కొన్నాళ్లు గడిపాకే రెండోదాని మాట.

ముందుగా మీ దగ్గర్లోని ఆర్‌.సి.ఎం. గుడి విచారణ గురువులను, అంటే ఆ గుడి బాధ్యత చూసే ఫాదర్ గారిని కలవండి. 1993లో విశాఖపట్నం నుంచి వేరుపడిన శ్రీకాకుళం మేత్రాసనం (ఒక బిషప్ గారి పాలనలో ఉండే ప్రాంతం) కిందకే ఈ రెండు ఉమ్మడి జిల్లాలూ వస్తాయి. ఆదివారం పూజ అవ్వగానే ఫాదర్ గారికి తీరిక ఉండదు. ఫోన్ చేసి వారం మధ్యలో వెళ్లండి.

[తెర మీద: "ఇంతకుముందు బాప్తిస్మం అయ్యిందా?"]

వారు అడిగే మొదటి ప్రశ్న ఇదే. మన వైపు దీనికి జవాబు అంత సులువు కాదు. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి ప్రాంతాల్లో కెనడా మిషనరీల కాలం నుంచీ బాప్టిస్టు సంఘాలున్నాయి. నీళ్లతో, తండ్రి, కుమార, పవిత్రాత్మ నామమున ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుంది. మళ్లీ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అలాంటివారు విశ్వాస ప్రకటన చేసి, పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం), భద్రమైన అభ్యంగనం (విశ్వాసంలో స్థిరపరిచే తైలాభిషేకం), దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) పొందితే చాలు. కొన్ని సంఘాల్లో "యేసు నామంలో" అని మాత్రమే అని ముంచుతారు. అది చెల్లదు. కాబట్టి పాస్టర్ గారు ఏ మాటలు పలికారో కనుక్కుని, లేఖ తీసుకోండి. లేఖ దొరక్కపోతే నమ్మదగిన సాక్షి ఒక్కరైనా చాలు. పెద్దయ్యాక తీసుకుని ఉంటే మీ ప్రమాణమైనా సరిపోతుంది.

అసలు బాప్తిస్మమే లేనివారికి దారి పొడుగు. జ్ఞానోపదేశం నెలల తరబడి సాగుతుంది. తపస్సు కాలం (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలు) మొదటి ఆదివారం ఎన్నిక కార్యం, అంటే జ్ఞానస్నానానికి (బాప్తిస్మానికి) మిమ్మల్ని ఎంచుకోవడం, మూడు, నాలుగు, ఐదో ఆదివారాల్లో పరిశోధన ప్రార్థనలు, చివరికి పాస్క (ఈస్టర్) జాగరణ రాత్రి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం మూడు సంస్కారాలూ ఒకేసారి. విశ్వాసంలో మీకు తోడుగా నిలిచే జ్ఞానతండ్రి లేదా జ్ఞానతల్లికి పదహారేళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం అయి ఉండాలి. మీ సొంత అమ్మానాన్నలు పనికిరారు. పేరు మార్చుకోనక్కర్లేదు. పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్న పేరే రిజిస్టర్లో రాయించండి. రెండు చోట్ల రెండు పేర్లుంటే సెమినరీ (గురువులను తయారుచేసే విద్యాలయం) దరఖాస్తు దగ్గర తిప్పలు తప్పవు.

ఇంకో సంగతి జ్ఞానస్నానానికి ముందే తెలియాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారిని బీసీ-సిలో చేర్చారు. సవర, జాతాపు వంటి ఎస్టీలకు మతం మారినంత మాత్రాన హోదా పోదు. ఇంట్లోవాళ్లతో కూర్చుని ఇది మాట్లాడుకోండి. దాచిపెట్టి వేసే అడుగు తర్వాత అందరికీ బాధే.

[తెర మీద: గురుత్వం]

శ్రీసభ చట్టం 1042 ప్రకారం, కొత్తగా జ్ఞానస్నానం పొందినవారికి గురుపట్టం ఇవ్వకూడదు, బిషప్ గారు తగినంత పరీక్షించి సరేనంటే తప్ప. ఇన్నేళ్లు ఆగాలని చట్టం చెప్పదు. రెండు మూడేళ్లయినా చూడటం మామూలు, అది సబబే. కొత్తలో ఉండే ఉత్సాహం నిజమైనదే, కానీ అదే పిలుపు అనుకోలేం. ఆ ఏళ్లలో రోజూ పూజకు వెళ్లగలిగారా, నెలకోసారైనా పాపసంకీర్తనం చేశారా, ఊళ్లో మంచంపట్టినవారిని చూడటానికి వెళ్లారా, పెళ్లి లేని బతుకును మనస్ఫూర్తిగా కోరుకుంటున్నారా? ఇవన్నీ ఒకే గురువుతో క్రమంగా మాట్లాడండి. ఇంటి అప్పులు, ముసలి తల్లిదండ్రుల బాధ్యత కూడా దాచకండి. భార్య ఉన్నవారికి లాటిన్ ఆచారంలో (మన ఆర్‌.సి.ఎం. గుళ్లు పాటించేది) మామూలుగా గురుపట్టం ఉండదు. పాత పెళ్లి విడిపోయి ఉంటే ముందు అది తేలాలి.

మేత్రాసన గురువు కావాలా, మఠసభలో (వ్రతాలు తీసుకుని కలిసి బతికేవారి సంఘంలో) చేరాలా? మేత్రాసన గురువు బిషప్ గారికి విధేయత, బ్రహ్మచర్యం మాటిస్తారు. మఠసభవారికి పేదరికం వ్రతం కూడా ఉంటుంది, నొవిషియేట్ (వ్రతాలకు ముందు శిక్షణ కాలం) కనీసం పన్నెండు నెలలు. 1846 నుంచి ఉత్తరాంధ్రలో పనిచేస్తున్న ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ అలాంటిదే. వయసు పరిమితి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ముందే అడగండి.

చదువు: సన్నాహక దశ ఏడాది నుంచి రెండేళ్లు, తత్వశాస్త్రం కనీసం రెండేళ్లు, వేదాంతం నాలుగేళ్లు. సెయింట్ జాన్స్ రీజనల్ సెమినరీలో తత్వశాస్త్రం కొత్తవలస వైపు కొండడాబాలో, వేదాంతం హైదరాబాద్ రామంతాపూర్‌లో. డీకన్ (గురుపట్టానికి ముందు మెట్టు) అయ్యాక కనీసం ఆరు నెలలు ఆగాలి. గురువు కావడానికి ఇరవై అయిదేళ్లు నిండాలి.

దరఖాస్తుకు కొత్తగా తీయించిన జ్ఞానస్నాన పత్రం పెట్టండి, పాతది కాదు. భద్రమైన అభ్యంగనం, వివాహం వంటివి ఆ రిజిస్టరు పక్క వరుసలో రాస్తారు కాబట్టి అసలు వివరం అక్కడే తెలుస్తుంది. అభ్యంగనం వేరే ఊళ్లో అయితే ఆ సమాచారం మీ జ్ఞానస్నాన విచారణకు చేరిందో లేదో చూడండి. ఇదివరకు ఏ సెమినరీ నుంచైనా బయటికి వచ్చి ఉంటే, అక్కడి పెద్దల లేఖ లేకుండా మరోచోట తీసుకోరు. అడిగేదాకా ఆగకుండా ఆ సంగతి మీరే ముందు చెప్పండి.